అక్కడ వంతు, ఇక్కడ సందు: రోడ్డు మీద మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల సంచికలో అమెరికా రోడ్లకీ మన రోడ్లకీ ఉన్న తేడాల గురించి ఏం అడగాలన్నా రాయమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆగస్టులో విమానం ఎక్కబోయే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ రాసినవే. నేను టెక్సస్‌లో పదకొండేళ్లు కారు నడిపాను, ఐదేళ్లుగా హైదరాబాద్‌లో నడుపుతున్నాను, అందుకని జవాబులు రాసే పని నాకు అప్పజెప్పారు. చట్టం సంగతి వచ్చినచోట ఇది చట్టం అనీ, అలవాటు సంగతైతే ఇది అలవాటనీ విడిగా చెబుతాను. ఆ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది ఇబ్బందుల్లో పడటం చూశాను.

ప్రశ్న: ఆగస్టులో డాలస్ దగ్గర ఎంఎస్ చదవడానికి వెళ్తున్నాను. ఇక్కడ నాలుగేళ్లుగా కారు నడుపుతున్నాను, ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కలేదు. అక్కడ కుడివైపు నడపడం ఒక్కటే తేడా అని సీనియర్లు అంటున్నారు. ఇంటర్నేషనల్ పర్మిట్ ఒకటి తీసుకుంటే సరిపోతుందా? – ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: కుడివైపు నడపడం వారం పది రోజుల్లో చేతికి వచ్చేస్తుంది. ఒక చిన్న గుర్తు పెట్టుకోండి: ఇక్కడైనా అక్కడైనా డ్రైవరు కూర్చునేది రోడ్డు మధ్య గీత వైపే. మలుపు తిరిగాక మధ్య గీత మీ భుజం పక్కన ఉందంటే సరైన వైపు ఉన్నట్టు, లేదంటే ఎదురు వాహనాల దారిలోకి దూరినట్టు. మొదట్లో ఇండికేటర్ వెయ్యబోతే వైపర్లు ఆడతాయి, ఎందుకంటే మన కార్లలో ఎక్కువ వాటికి ఇండికేటర్ పుల్ల కుడిచేతి వైపు ఉంటే అక్కడ ఎడమచేతి వైపు ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు. ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో ఒక ఆదివారం పొద్దున్న గంటసేపు తిప్పితే అలవాటైపోతుంది.

అసలు తేడా సీనియర్లు చెప్పనిది. మన దగ్గర బండి నడిపేవాడి కళ్లు సందు కోసం వెతుకుతాయి. ఆటోకీ బస్సుకీ మధ్య సందు కనిపించిందంటే అది ముందు దూర్చినవాడిది. అక్కడ కళ్లు వెతకాల్సింది వంతు కోసం. ఎంత ఖాళీ కనిపించినా మీ వంతు రాకపోతే ఆ ఖాళీ మీది కాదు.

ఇది నాకు తెలిసొచ్చింది డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, వెళ్లిన మొదటి నెలలో. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న చిన్న జంక్షన్. సిగ్నల్ లేదు, పోలీసు లేడు. అక్కడ చట్టం చాలా చిన్నది: ప్రతి బండీ పూర్తిగా ఆగాలి, ముందు వచ్చి ఆగినవాళ్లు ముందు వెళ్తారు, ఇద్దరు ఒకేసారి వచ్చి ఆగితే కుడిచేతి వైపు ఉన్నవాళ్లకి ముందు దారి. నా ముందు ఒక తెల్ల పికప్ ట్రక్కు ఆగి, వెళ్లింది. నేను ఇక్కడి అలవాటు ప్రకారం దాని వెనకాలే ఆగకుండా వెళ్లిపోయాను. కుడివైపు ఒక పెద్దావిడ అప్పటికే ముందుకు కదిలింది, నన్ను చూసి బ్రేకు వేసింది. హారన్ కొట్టలేదు. స్టీరింగ్ మీది నుంచి రెండు చేతులూ పైకెత్తి నా వైపు చూస్తూ ఉండిపోయింది. తప్పు నాది. ఆవిడ వంతు నేను లాక్కున్నాను, ఆవిడ బ్రేకు వెయ్యకపోతే నా కారు పక్క తలుపుకి తగిలి ఉండేది.

ఎడమవైపు తిరిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. అక్కడ ఎడమ మలుపంటే మన కుడి మలుపులాంటిది, ఎదురు వాహనాలకి అడ్డంగా వెళ్లాలి. బాణం గుర్తు లేకుండా ఉత్త పచ్చ లైటు పడితే ఎదురుగా నేరుగా వచ్చేవాళ్లందరూ వెళ్లేదాకా మీరు ఆగాలి. మన దగ్గర బండి ముక్కు కొంచెం కొంచెం ముందుకి పెడుతూ పోతే ఎదుటివాళ్లు ఆగుతారు. అక్కడ ఎదుటివాడు ఆగడు, మీరు ఆగుతారన్న నమ్మకంతో అదే వేగంతో వస్తాడు. కొత్తగా వెళ్లిన మన పిల్లల యాక్సిడెంట్ కథలు విన్నప్పుడల్లా ఈ ఎడమ మలుపు ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది.

ఇక కాగితాలు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ లైసెన్స్ ఉన్న ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఫారం 4ఏ, ఫీజు 1000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. అది ఒక్కటే చూపిస్తే చాలదు, మన లైసెన్స్ కార్డు కూడా జేబులో ఉండాలి. అయితే అమెరికాలో లైసెన్స్ అనేది రాష్ట్రం చేతిలో ఉన్న పని. అక్కడ నివాసం ఏర్పరచుకున్నాక టెక్సస్ 90 రోజుల గడువిస్తుంది, కాలిఫోర్నియా పది రోజులే ఇస్తుంది. అందుకని పర్మిట్ ఉంది కదా అని ఏడాది కూర్చోకుండా వెళ్లగానే లైసెన్స్ పని మొదలుపెట్టండి. టెక్సస్‌లో 18 నుంచి 24 ఏళ్ల లోపు వాళ్లయితే ఆరు గంటల డ్రైవింగ్ కోర్సు చేశాకే మొదటి లైసెన్స్ ఇస్తారు. పరీక్షలో రెండు గుర్తుల మధ్య రోడ్డు పక్కగా పార్క్ చేసి చూపించాలి. ఇక్కడ మనం 'ఎయిట్' వెయ్యడం ప్రాక్టీసు చేసినట్టే దాన్నీ చెయ్యాలి.

ఇంకొక్క మాట. రూమ్మేట్ కారు తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లడం అక్కడ మన పిల్లల్లో మామూలు. ఆ కారు ఇన్సూరెన్స్ మీరు నడిపినప్పుడు కూడా వర్తిస్తుందో లేదో తెలుసుకోకుండా తాళం చెవి ముట్టుకోవద్దు. అక్కడ ఆసుపత్రి ఖర్చు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలి ఇన్సూరెన్స్ లేదంటే ఇక్కడ మీ నాన్నగారు పొలం అమ్మినా తీరదు.

ప్రశ్న: పోయినేడు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాం. ఒకరోజు మా అల్లుడు కారు నడుపుతుంటే వెనక పోలీసు కారు లైట్లు వేసింది. అల్లుడు పక్కకి ఆపాడు. పెద్దవాణ్ణి కదా, దిగి రెండు మంచి మాటలు చెబుదామని నేను తలుపు తీశాను. ఆ పోలీసు గట్టిగా కేకలు వేశాడు, చెయ్యి నడుం దగ్గరికి పోయింది. మా అల్లుడి ముఖం తెల్లబోయింది. నలభై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణి, నన్ను అలా అరవడం ఇప్పటికీ మనసులోంచి పోవట్లేదు. నేను చేసిన తప్పేమిటి? – రిటైరైన ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు చేసింది ఇక్కడ మర్యాద. మన దగ్గర ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఎత్తితే బండి పక్కకి తీసి, దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి మనమే వెళ్తాం. కారులోనే కూర్చుని ఉంటే 'వీడికి ఎంత పొగరు' అనుకుంటారు. అద్దం దించి కూర్చున్నచోటి నుంచే మాట్లాడినా చాలామంది ఎస్ఐలకి నచ్చదు. అందుకే తలుపు తీసి దిగడం మీకు గౌరవంగా తోచింది.

అక్కడ ఇది తలకిందులు. చాలామంది దగ్గర తుపాకులుండే దేశం, కారులో ఎవరున్నారో, చేతిలో ఏముందో ఆ పోలీసుకి తెలియదు. అందుకే ఎవరైనా కారు దిగారంటే మీదికి వస్తున్నట్టు లెక్క. ఆయన అరిచింది మీ వయసు చూసో, మీ మాట వినో కాదు, తలుపు తెరుచుకోవడం చూసి. అక్కడ పద్ధతి ఇలా ఉంటుంది: కుడివైపు అంచుకి తీసి ఆపాలి, అద్దం దించాలి, రాత్రయితే లోపలి లైటు వెయ్యాలి, డ్రైవరు రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి కదలకుండా కూర్చోవాలి. పక్కన, వెనక కూర్చున్నవాళ్లు కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే ఉండాలి. లైసెన్స్ అడిగాకే తియ్యాలి. అదీ 'నా పర్సు వెనక జేబులో ఉంది, తీస్తున్నాను' అని చెప్పి తియ్యడం మంచిది. డబ్బు ఇవ్వబోవడం అనేది కలలో కూడా తలపెట్టకూడదు, అది జైలు కేసు.

మీ అల్లుడు మీకు ఇది ముందే చెప్పి ఉండాల్సింది. అమెరికాలో ఉన్న పిల్లలందరినీ అడుగుతున్నాను: అమ్మానాన్నలు దిగిన రోజే ఈ ఒక్క సంగతి కూర్చోబెట్టి చెప్పండి. మైక్రోవేవ్ ఎలా వాడాలో చెబుతారు, తాళాలు చూపిస్తారు, ఇది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

మీరు సాయంత్రం నడకకి వెళ్తుంటారు కాబట్టి ఇంకో సంగతి. గీతలున్న క్రాసింగ్‌లో మనిషి దాటుతుంటే న్యూజెర్సీ చట్టం ప్రకారం కారు ఆగి, దాటేదాకా ఆగే ఉండాలి. అది మీ హక్కు. కానీ గీతలు లేనిచోట, ఇక్కడ చెయ్యి అడ్డం పెట్టి దాటినట్టు దాటబోతే ఆ డ్రైవరు దాన్ని ఊహించడు కూడా. అతని కళ్లు ఆ చోట మనిషి కోసం చూడవు. ఫుట్‌పాత్ లేని వీధుల్లో ఎదురు వాహనాలు కనిపించేలా ఎడమ అంచున నడవండి, చీకటి పడితే లేత రంగు బట్టలు వేసుకోండి. ఆడవాళ్లు చలికాలంలో ముదురు రంగు శాలువా కప్పుకుని సందెవేళ నడుస్తుంటే కారు వాళ్లకి దగ్గరికి వచ్చేదాకా కనపడరు.

ప్రశ్న: పద్నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్ వచ్చేశాం. కొండాపూర్‌లో ఉంటున్నాం. కారు కొన్నాను కానీ తియ్యాలంటే భయం. మనుషులు దాటుతున్నారని ఆగితే వెనక నుంచి హారన్లు, ముందు కారుకి దూరం వదిలితే ఆ ఖాళీలోకి మూడు బైకులు, ఒక ఆటో. ఎదుటి కారు లైట్లు కొడితే నన్ను వెళ్లమంటున్నాడనుకుని వెళ్లాను, గుద్దబోయాడు. మా ఆవిడ డ్రైవర్‌ని పెట్టుకోమంటోంది. అమెరికాలో ఒక్క టికెట్ (చలానా) కూడా లేనివాణ్ణి, ఇక్కడెందుకు నడపలేకపోతున్నాను? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసు. మీరు వంతు మీద నమ్మకం పెట్టుకుని సందుల రోడ్డు మీదికి వచ్చారు. నేనూ అలాగే వచ్చాను, వచ్చిన రెండో నెలలో మియాపూర్ దగ్గర ఒక అమ్మ ఇద్దరు పిల్లలతో దాటుతుంటే ఆగాను. వెనకున్న బైకు అబ్బాయి నా కారుని గుద్దాడు. అతనికి మోచెయ్యి గీరుకుపోయింది. లేచి ఏమన్నాడంటే, 'అన్నా, మధ్యల ఎందుకు ఆపినవ్?' అతని కోపం నిజమైనదే. నేను ఆగుతానని అతను ఊహించలేదు, ఎందుకంటే ఇక్కడ అలా ఎవరూ ఆగరు. చట్టం నా వైపే ఉంది, 2017 నాటి మన డ్రైవింగ్ నిబంధనల్లో కూడా క్రాసింగ్ దగ్గర నడిచేవాళ్లకి దారి ఇవ్వాలనే ఉంది. అయినా ఆ రోజు రక్తం కారింది అతని మోచేతికి.

ఆ రోజు నుంచి నేను ఆగడం మానలేదు, ఆగే పద్ధతి మార్చుకున్నాను. ముందు అద్దంలో వెనక చూస్తాను, దూరం నుంచే యాక్సిలరేటర్ వదిలేస్తాను, బ్రేకు పెడల్ రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి వెనక లైటు మిణుకుమనేలా చేస్తాను, కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి 'మెల్లగా' అన్నట్టు కిందికీ పైకీ ఊపుతాను. ఆ చెయ్యి అందరికీ అర్థమవుతుంది. ఇండికేటర్‌ని నమ్మనివాడు కూడా చేతిని నమ్ముతాడు.

లైట్లు కొట్టడం సంగతి. ఇది చట్టం కాదు, అచ్చంగా అలవాటు, పైగా రెండు దేశాల్లో దాని అర్థాలు ఒకదానికొకటి వ్యతిరేకం. అమెరికాలో ఎదుటివాడు హెడ్‌లైట్ ఒకసారి కొట్టాడంటే ఎక్కువసార్లు 'నువ్వు వెళ్లు' అనో, 'ముందు ఏదో ఉంది చూసుకో' అనో అర్థం. మన దగ్గర డిప్పర్ కొట్టాడంటే 'నేను వస్తున్నా, నువ్వు ఆగు' అని. మీరు గుద్దించుకోకపోవడం అదృష్టం. ఇల్లు మారినప్పుడు ఫోన్ నంబర్ మార్చుకున్నట్టు ఈ ఒక్క అర్థం తలలో మార్చేసుకోండి.

జంక్షన్‌లో నేరుగా వెళ్లేవాళ్లు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసుకోవడం కూడా చూసే ఉంటారు. అది చట్టంలో లేదు, పక్క నుంచి చూసేవాడికి ఒక వైపు లైటే కనిపించి తిరుగుతున్నాడేమో అనిపిస్తుంది. మీరు వెయ్యకండి.

ఇక ముందు కారుకి వదిలిన ఖాళీలోకి బైకులు దూరడం. దూరనివ్వండి. దూరినప్పుడల్లా మీరు ఇంకొంచెం వెనక్కి తగ్గండి. ఒక ప్రయాణంలో ఇలా ఇరవై బైకులు దూరినా మీరు ఇంటికి చేరేది నాలుగైదు నిమిషాలు ఆలస్యంగా, అంతే. నేను గచ్చిబౌలి నుంచి ఇంటికి రోజూ అలాగే వస్తాను. డ్రైవర్‌ని పెట్టుకోవద్దని నేను అనను, కానీ మీరు మానేస్తే దాటేవాళ్ల కోసం ఆగే కారు ఒకటి తగ్గిపోతుంది, ఆ సంగతి నాకు బాధగా ఉంటుంది. ఆదివారం పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టండి. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి బైకుల్నీ నడిచేవాళ్లనీ రానివ్వరు, లేన్లున్నాయి, మీకు అమెరికా అలవాట్లు కొన్ని పనికొస్తాయి. అయితే ఎడమ లేన్లోంచి ఓవర్‌టేక్ చేసేవాళ్లుంటారు, అద్దాలు రెండూ చూస్తూ ఉండండి.

అన్నట్టు, అమెరికా లైసెన్స్ ఒక్కటే ఉంటే ఇక్కడ చాలదు. మీ పాత ఇండియా లైసెన్స్ గడువు ఎప్పుడు తీరిందో చూడండి. తీరిన ఏడాది లోపల అయితే రెన్యువల్ చేస్తారు, ఏడాది దాటితే మళ్లీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు టెస్ట్ ఇవ్వాల్సిందే.

ప్రశ్న: ఇరవై రెండేళ్లుగా టూరిస్ట్ బండి నడుపుతున్నానండి. అరకు ఘాట్‌లో రాత్రి పొగమంచులో కూడా నడిపాను. అమెరికా నుంచి వచ్చిన ఫ్యామిలీలు ఎక్కితే హారన్ కొట్టొద్దంటారు, అక్కడ అసలు కొట్టరంటారు. హారన్ లేకుండా బండి ఎలా నడుస్తుంది? అక్కడ యాక్సిడెంట్లే ఉండవని కూడా చెబుతారు, నిజమేనా? – ఒక డ్రైవర్, విశాఖపట్నం

జవాబు: ఘాట్ రోడ్డులో కనపడని మలుపు దగ్గర మీరు కొట్టే హారన్ సరైన హారనే, ఎవరు ఏమన్నా అక్కడ మానొద్దు. మన రోడ్డు మీద హారన్ అంటే 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పడం. లారీల వెనక 'సౌండ్ హారన్' అని రాసుకోవడం అందుకే, లారీ డ్రైవరుకి అద్దంలో వెనక సరిగా కనిపించని రోజుల నుంచి వచ్చిన అలవాటు అది. అమెరికాలో హారన్ ప్రమాదం మీదికి వచ్చినప్పుడు కొట్టేది. ఊరికే కొడితే తిట్టినట్టు తీసుకుంటారు. లేన్లు ఉంటాయి, లేన్ మారేవాళ్లు ఇండికేటర్ వేసి భుజం మీదుగా తిరిగి చూసి మారతారు, కాబట్టి నేనున్నానని చెప్పే అవసరం తక్కువ.

కానీ సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడకముందే వెనక నుంచి కొట్టే హారన్ ఉంది చూడండి, అది ఏ రోడ్డుకీ అక్కర్లేదు. అవసరం లేని హారన్‌కి మన చట్టంలోనూ మొదటిసారి 1000, తర్వాత 2000 రూపాయలు జరిమానా ఉంది. మీరు ఇరవై రెండేళ్ల డ్రైవరు, ఈ రెండు రకాల హారన్‌కీ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు.

యాక్సిడెంట్లు ఉండవన్నది మాత్రం అబద్ధం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అదే ఏడాది అమెరికాలో 42,514 మంది. అంకె చిన్నగా కనిపిస్తుంది కానీ వాళ్ల జనాభా 33 కోట్లు. లక్ష మందికి లెక్క వేస్తే మన దగ్గర పన్నెండు మంది, వాళ్ల దగ్గర పన్నెండు పైచిలుకే. వాళ్లు మనకంటే చాలా ఎక్కువ దూరాలు తిరుగుతారు కాబట్టి కిలోమీటరుకి చూస్తే వాళ్ల రోడ్డు మేలే, అయినా దాన్ని ఆదర్శం అనుకోవడానికి లేదు. పెద్ద పెద్ద కార్లు, ఎక్కువ వేగం, ఫోన్ చూస్తూ నడపడం అక్కడా ప్రాణాలు తీస్తున్నాయి. మనలాగే ఎడమవైపు నడిపే బ్రిటన్‌లో అదే ఏడాది పోయింది 1,700 మంది దాకా, ఆరున్నర కోట్ల జనంలో. పోల్చుకుంటే దాంతో పోల్చుకోవాలి.

ఇంకొక తేడా మీ కళ్ల ముందే ఉంటుంది. మన దగ్గర చనిపోయినవాళ్లలో 44.5 శాతం టూ వీలర్ మీద వెళ్లేవాళ్లు. కారు ఎంత జాగ్రత్తగా నడిపినా, పక్కన హెల్మెట్ లేని అబ్బాయి ఉంటే వాడి ప్రాణం మీ చేతిలో కూడా ఉన్నట్టే. మీ బండిలో ఎక్కే ఫ్యామిలీలకి మీరు కూడా ఒకటి అడగొచ్చు: వెనక సీట్లో బెల్టు పెట్టుకోమని. అమెరికాలో బుద్ధిగా పెట్టుకునేవాళ్లు శంషాబాద్‌లో దిగగానే మానేస్తారు. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చునే. అంత పెద్ద కారు కూడా కాపాడలేకపోయింది.

చిన్న ప్రశ్నలు కొన్ని కలిపి:

అమెరికాలో పసుపుపచ్చ స్కూల్ బస్సు ఆగితే అందరూ ఎందుకు ఆగుతారని గుంటూరు నుంచి ఒకరు అడిగారు. ఎర్ర లైట్లు మెరుస్తూ పక్కన స్టాప్ బోర్డు తెరుచుకుందంటే వెనకవాళ్లే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగిపోవాలి. టెక్సస్‌లో ఆగకపోతే మొదటిసారే 500 నుంచి 1,250 డాలర్ల దాకా జరిమానా. మా వీధిలో పొద్దున్న ఏడుంబావుకి బస్సు ఆగేది, రెండు వైపులా కార్లు కదలకుండా నిలబడేవి, ఆరేళ్ల పాప బ్యాగు సర్దుకుంటూ తన ఇష్టమొచ్చినంత నెమ్మదిగా రోడ్డు దాటేది. పదకొండేళ్లలో నేను అక్కడ చూసినవాటిలో మన దగ్గర ఉంటే బావుండునని రోజూ అనుకునేది అదొక్కటే.

ఎర్ర లైటు ఉండగా తిరగొచ్చా? అమెరికాలో చాలా చోట్ల పూర్తిగా ఆగి, చూసుకుని కుడివైపు తిరగొచ్చు, న్యూయార్క్ నగరంలో మాత్రం బోర్డు ఉంటే తప్ప కుదరదు. మన దగ్గర 'ఫ్రీ లెఫ్ట్' బోర్డు ఉన్నచోట తిరగండి, లేనిచోట ఆగండి.

తాగి నడపడం ఏ దేశంలో కఠినం? కొలత మన దగ్గరే కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 80, యూటాలో 50. పట్టుబడ్డాక మాత్రం అక్కడ వీసా మీద ఉన్నవాళ్లకి చాలా కష్టం, వీసానే రద్దయ్యే పరిస్థితి వస్తుంది. రెండు బీర్లే కదా అనుకోవద్దు.

అంబులెన్స్ వస్తే? అక్కడ కుడి అంచుకి తీసి ఆగిపోతారు, రోడ్డంతా రెండుగా చీలినట్టు ఉంటుంది. ఇక్కడ దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019 నుంచి చట్టంలో ఉంది. మనవాళ్లకి ఇవ్వాలని ఉంటుంది, పక్కకి జరగడానికి చోటు ఉండదు. దారి ఇచ్చాక ఆ అంబులెన్స్ వెనకాలే దూరేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: మాది సూర్యాపేట వైపు హైవే పక్కన ఊరు. అవతలి వైపు పొలం, ఇవతలి వైపు ఇల్లు. యూ టర్న్ రెండు కిలోమీటర్ల పైన ఉంది. ఊళ్లో అందరూ రాంగ్ రూట్‌లోనే వెళ్తారు. పోయిన వర్షాకాలంలో మా మామయ్య పాల క్యాన్లతో అలా వెళ్తుంటే కారు గుద్దింది, కాలు విరిగింది. మా బావ అమెరికాలో ఉంటాడు, 'మీకు రూల్స్ తెలియవు, అందుకే ఇలా' అన్నాడు. తప్పు మా మామయ్యదేనా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాంగ్ రూట్ తప్పే, అందులో సందేహం లేదు. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకి ఎదురుగా టూ వీలర్ వస్తుందని ఆ డ్రైవరు ఎలా ఊహిస్తాడు? కానీ మీ మామయ్యకి రూల్ తెలియక కాదు. పొద్దున్నా సాయంత్రం పాలు పొయ్యడానికి వెళ్లే మనిషికి ఒక్కో ట్రిప్పుకి నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరగమంటే, నెలకి ఎంత పెట్రోలో లెక్క వేసుకునే వెళ్లి ఉంటాడు.

మీ బావగారు ఉండేచోట ఫ్రీవే పక్కన ఏం ఉంటుందో ఆయన్నే అడగండి. టెక్సస్‌లో అయితే చాలాచోట్ల హైవేకి రెండు వైపులా ఫ్రంటేజ్ రోడ్డు ఉంటుంది, మన సర్వీస్ రోడ్డు లాంటిది, ఊరివాళ్ల తిరుగుడంతా దాని మీదే. కొంచెం కొంచెం దూరంలో వంతెన కింద నుంచి అవతలికి వెళ్లే దారి ఉంటుంది. అక్కడివాళ్లు రాంగ్ రూట్‌లో వెళ్లరంటే బుద్ధిమంతులై పుట్టారని కాదు, సరైన దారి దగ్గరలోనే ఉంది. వాళ్ల ఊరిని హైవే రెండుగా కోసేసి, యూ టర్న్ రెండు కిలోమీటర్ల అవతల పెట్టి ఉంటే వాళ్లూ ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్లే.

కాబట్టి రెండు పనులు. మొదటిది ఇంట్లో. దారి వచ్చేదాకా హైవే మీద ఎదురు వెళ్లొద్దని మామయ్యకి చెప్పండి, రోడ్డు కింద నీళ్ల తూము గానీ పశువుల దారి గానీ ఉంటే బండి తోసుకుంటూ అయినా అందులోంచి వెళ్లమనండి. క్యాన్లకి వెనక ఎర్రగా, ముందు తెల్లగా మెరిసే రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అతికించండి, ఆటోమొబైల్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి.

రెండోది ఊరితో కలిసి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033, ప్రమాదం జరిగినప్పుడే కాదు, ఇలాంటి ఫిర్యాదుకి కూడా ఫోన్ చెయ్యొచ్చు. చేసినప్పుడు రోడ్డు పక్కన రాయి మీదున్న కిలోమీటరు నంబరు చెప్పండి, అది లేకుండా చెబితే ఎవరూ పట్టించుకోరు. తర్వాత గ్రామసభలో సర్వీస్ రోడ్డు, అండర్‌పాస్ కావాలని తీర్మానం రాయించి ఒక కాపీ కలెక్టరాఫీసులో, ఒక కాపీ హైవే ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. జిల్లాలో రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, దానికి కలెక్టరే పెద్ద. ఆ తీర్మానానికి మీ మామయ్య ఆసుపత్రి కాగితాలూ, అంతకుముందు అదే చోట దెబ్బలు తగిలినవాళ్ల వివరాలూ తేదీలతో సహా జతచెయ్యండి. ఒక్క చోట ఎన్ని ప్రమాదాలు జరిగాయో చూసే అక్కడ బ్లాక్ స్పాట్ అని గుర్తిస్తారు, గుర్తిస్తే డబ్బులు మంజూరవడం తేలికవుతుంది. కేసు కాని ప్రమాదాలు ఆ లెక్కలోకి రావు, అందుకని ఇకమీదట ఎవరికి తగిలినా స్టేషన్‌లో ఫిర్యాదు రాయించండి.

తీర్మానం కాపీ ఒకటి మాకూ పంపండి. కిలోమీటరు నంబరు ఫొటో కూడా తీసి పెట్టండి, వచ్చే సంచికలో వేస్తాం.